బేస్తారం సంఘం

ముందు బర్రె సంగతి చెప్పేస్తాను. ఎట్లాగూ మా కోరుట్లలో నా గురించి ఎవరిని అడిగినా మొదట అదే చెప్తారు. వాళ్ళు చెప్తే నాలుగు కలిపి చెప్తారు, నేనైతే ఉన్నదున్నట్టు చెప్తాను.

నేను బోర్డులు రాసే ఆర్టిస్టును. షాపు బోర్డులు, గోడల మీద ప్రకటనలు, గుడ్డ బ్యానర్లు. తెలంగాణ ఉద్యమం ఊరూరా ఊపందుకోవడానికి కొన్ని నెలల ముందు నాకు నిద్ర పూర్తిగా పోయింది. వారం రోజులు రెప్ప వాలలేదు. ఒంట్లో కరెంటు తిరుగుతున్నట్టు ఉండేది. భలే సంతోషంగా కూడా ఉండేది, అబద్ధమెందుకు? ఆ ఊపులో మా గల్లీ గోడలన్నింటికీ ఎవరూ అడగకుండానే రంగులు వేశాను. గోడలు అయిపోయాక పక్కింటివాళ్ళ బర్రె కనపడింది. నల్లగా, నున్నగా, ఇంత వెడల్పున నిలబడి నెమరేస్తున్నది. అంత మంచి బోర్డు ఖాళీగా ఉండటం నాకు నచ్చలేదు. దాని డొక్క మీద తెల్ల పెయింటుతో "ఇల్లు కిరాయికి ఇవ్వబడును" అని రాశాను. అక్షరాలు మాత్రం, ఇప్పటికీ చెప్తున్నాను, అద్దంలా వచ్చాయి. బర్రె కదిలింది గానీ నా గీత కదల్లేదు.

పక్కింటాయన పెద్ద పంచాయతీ పెట్టాడు. ఎవరో ఇద్దరు నిజంగానే వచ్చి ఇల్లు చూపించమన్నారట, ఆయన కోపం అందుకు. మా ఆవిడ మాత్రం గడపలో కూలబడి ఏడ్చింది. అప్పటికే నేను బియ్యం డబ్బా మీద, తలుపుల మీద, ఆమె బీడీలు చుట్టే చాట మీద కూడా రాసి, ఆపబోతే నోటికొచ్చినట్టు తిట్టి ఉన్నాను. అది జబ్బే. కాదని నేను ఎన్నడూ అనలేదు, ఇప్పుడూ అనను.

నన్ను జగిత్యాల తీసుకుపోయారు. ఇక్కడ ఒక మాట చెప్పాలి. మెదడు డాక్టరు దగ్గరికి ఎవరూ సొంత ఊర్లో పోరు, నలుగురూ చూస్తారని భయం. అందుకని కోరుట్లవాళ్ళం జగిత్యాల పోతాం. సిరిసిల్లవాళ్ళు కూడా అంత దూరం నుంచి జగిత్యాలకే వస్తారు. జగిత్యాలవాళ్ళు ఎక్కడికి పోతారో నాకు తెలియదు, బహుశా మా కోరుట్ల మీదుగానే ఎటో పోతుంటారు. ఆ డాక్టరు పెద్ద ఊరి నుంచి వారానికోసారి కారులో వచ్చేవాడు, ప్రతి గురువారం. మా భాషలో బేస్తారం. చౌరస్తా పక్కన ఒక మందుల షాపు వెనక గదిలో కూర్చునేవాడు.

ఆయన ఒక సూది వేయించి, మూడు రంగుల గోలీలు రాశాడు. మూడు రోజులు పడి నిద్రపోయాను. లేచేసరికి బర్రెను చూస్తే బర్రెలాగే కనపడింది. ఆ సూదికి నేను ఇప్పటికీ దండం పెడతాను. కానీ రెండో నెల నుంచి నా చేతులు వణకడం మొదలైంది.

సరిగ్గా అప్పుడే తెలంగాణ అంతటా రిలే నిరాహార దీక్షలు మొదలయ్యాయి. రోజుకో సంఘం టెంటు కింద కూర్చోవాలి. పొద్దున కూర్చుని, సాయంత్రం నిమ్మరసం తాగి లేవాలి. ఇవాళ మంగలివాళ్ళు, రేపు దర్జీలు, ఎల్లుండి ఆటోలవాళ్ళు, ఆ తర్వాత చికెన్ సెంటర్లవాళ్ళు. ప్రతి సంఘానికీ వెనక ఒక బ్యానర్ ఉండాల్సిందే. రాత్రి చెప్పి తెల్లారేసరికి కావాలంటే ఫ్లెక్సీలవాళ్ళు ఇవ్వలేరు, గుడ్డ మీద రాసే నాబోటివాడే ఇవ్వాలి. నా జన్మలో అంత పని ఎన్నడూ రాలేదు. వచ్చినప్పుడేమో ఈ చేతులు! 'జై' అని గీస్తే వానపాము పాకినట్టు వచ్చేది. నేను సిగ్గుతో చచ్చిపోతుంటే జనం మాత్రం తెగ మెచ్చుకున్నారు.

"అన్నా, అక్షరాలు మంట మండినట్టే ఉన్నయన్నా! ఏం స్టైల్!" అన్నాడు ఆటో యూనియన్ ప్రెసిడెంటు.

మర్నాడు మంగలి సంఘంవాళ్ళు వచ్చి, "మాకు గూడ గట్లనే ఊగుకుంట రాయాలె. ఆటోలోల్లకు మస్తు ఊపి, మాకు తక్కువ ఊపితె ఊకోం" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇరవై ఏళ్ళు తీగలా గీసిన చెయ్యి ఇది. ఇన్నేళ్ళూ నా గీత నిటారుగా ఉంటే ఒక్కడూ నోరు తెరిచి బాగుందనలేదు.

డాక్టరుకు చెప్పుకుందామంటే చెప్పనిస్తేనా? ప్రతి నెలా మా ఆవిడతో కలిసి పోయేవాణ్ణి. ఆయన నా మొహం ఒకసారి చూసి, తల ఆమె వైపు తిప్పేవాడు.

"నిద్రపోతున్నాడా అమ్మా?"

"పండుకుంటుండు సార్."

"తింటున్నాడా?"

"తింటుండు."

"తిడుతున్నాడా?"

"తిడుతలేడు సార్, సప్పుడు జేస్తలేడు."

"గుడ్. ఇవే వాడండి."

నేను "సార్, నా చేతులు..." అనేసరికి కాంపౌండరు తలుపు దగ్గర నిలబడి తర్వాతివాళ్ళ పేరు పిలిచేవాడు. బాగుపడటమంటే సప్పుడు చేయకపోవటం, అంతే లెక్క. ఆ లెక్కన గోడ నాకన్నా ఆరోగ్యంగా ఉంటుంది. బస్సులో మా ఆవిడ మీద ఎగిరేవాణ్ణి, చేతుల సంగతి నువ్వైనా చెప్పొద్దా అని.

"వణికితె వణకనియ్యి. మనిషివైతె ఇంట్ల ఉన్నవు. గోలీలు తక్కువ జేస్తె మళ్ల ఏ బర్రె మీద రాస్తవో ఎవలకెరుక?" అనేది. ఆమె భయం ఆమెది. నేను కిటికీలోంచి గోడల మీది అక్షరాలు చదువుకుంటూ కూర్చునేవాణ్ణి. నేను రాసినవి కూడా వచ్చేవి. నా చెయ్యి మళ్ళీ నాకు వస్తుందా రాదా అన్న ఒక్కటే దిగులు. ఖాళీగా ఉండొద్దని ఆమె నాతో బీడీలు చుట్టించి కూడా చూసింది. నేను చుట్టిన బీడీ నోట్లో పెట్టుకునేలోపే విచ్చుకునేది.

ఒక బేస్తారం ఎప్పట్లాగే పోయాం. పది గంటలకు రావలసిన డాక్టరు పదకొండైనా రాలేదు. దారిలో ఎక్కడో రోడ్డు మీద వంటావార్పు జరుగుతున్నదట. అంటే రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే కూర్చుని తినటం. వంట అయ్యేదాకా బండ్లు కదలవు. మేం పన్నెండుమంది పేషెంట్లం, తోడొచ్చినవాళ్ళు వేరే, మెట్ల మీద వరుసగా కూర్చున్నాం. మా ఆవిడ చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతున్నది.

మాకు ఎదురుగానే, రోడ్డుకు అవతల దీక్ష టెంటు. ఆ రోజు వంతు టెంటుహౌస్ ఓనర్లది. వాళ్ళు తెల్లవారుజామునే వచ్చి టెంటు బ్రహ్మాండంగా వేసి, ఆ రోజు పెళ్ళిళ్ళు ఎక్కువున్నాయని మిగతా టెంట్లు వేయటానికి పోయారు. టెంటు ఉంది, మైకు ఉంది, జంపఖానాలు ఉన్నాయి, మనుషులు లేరు. దీక్ష కమిటీ ఆయన మెడలో కండువా, చంకలో నోటుబుక్కుతో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. తిరిగి తిరిగి ఆయన చూపు మా మెట్ల మీద పడింది.

"మీరెవ్వలు? ఏ సంఘం?"

మేం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. కాంపౌండరే చెప్పాడు. "సంఘం గాదు సార్, పేషెంట్లు. డాక్టర్ సార్ కోసం ఆగిన్రు."

"ఆగుడే గదా? గీడ కూసునుడు గాడ కూసోండ్రి! ఇన్ని దినాల దీక్ష ఇయ్యాల తెగిందంటె జగిత్యాల ఇజ్జత్ ఉంటదా?"

చెప్తే నమ్మరు, మాకు కాదనటం రాలేదు. నెలల తరబడి గోలీలు మింగిన మనుషులం, ఎవరు లేవమంటే లేస్తాం, ఎవరు కూర్చోమంటే కూర్చుంటాం. లేచి బిలబిలమని రోడ్డు దాటాం. పొద్దున్నే అందరం కడుపునిండా తిని వచ్చామన్న సంగతి ఆయన అడగలేదు, మేమూ చెప్పలేదు.

"బ్యానర్ ఏది?" అన్నాడు. "బ్యానర్ లేకుంటె పేపర్ల ఫోటో వడది."

ఫోటో అనేసరికి అందరం కండువాలూ కొంగులూ మొహాల మీదికి లాక్కున్నాం. పక్క ఊరివాళ్ళకు కూడా తెలియకూడదని ఇంత దూరం వచ్చినవాళ్ళం! అయినా మనకు కావలసింది మొహాలు కప్పే పేరొకటి కదా అని ఆలోచన మొదలుపెట్టాం. సిరిసిల్ల నుంచి వచ్చిన మరమగ్గాల కార్మికుడు ఒకాయన ఉన్నాడు, నా వయసువాడే. గొల్లపల్లిలో ఉన్న చెల్లెలికి ఇద్దామని తెల్ల లంగా గుడ్డ తెచ్చుకున్నాడు. అది తీసి పరిచాడు. నా సంచిలో బ్రష్షూ, నీలం రంగు డబ్బా ఎప్పుడూ ఉంటాయి. ఇక పేరే తరువాయి.

"నరాల సంఘమని రాయి బేటా. నరాలు అందరికి ఉంటయి, ఇందుల షరమ్ ఏమున్నది?" అన్నాడు ఒక ముసలి దర్జీ. మేమంతా ఆయన్ను చాచా అనేవాళ్ళం.

"వద్దు చాచా," అన్నాను. "నరాల బలహీనత అని గోడల మీద చానా రాసిన నేను. గా డాక్టర్ల మనుషులమనుకుంటరు. గప్పుడు ఇంటికి గూడ పోలేం."

గొల్లపల్లి ముసలవ్వ ఒకామె, "నిద్ర సంఘమని రాయి కొడుకా. గోలి ఏసుకున్నకాంచి నేను చేస్తున్న పని గదొక్కటే" అన్నది.

ఎవరో మెట్ల సంఘమన్నారు, ఎవరో శాంతి సంఘమన్నారు. మా ఆవిడకు విసుగొచ్చింది. "ఇయ్యాల ఏమారం? బేస్తారం. బేస్తారం బేస్తారమే అస్తిమి గదా? బేస్తారం సంఘమని రాయి, పీడ పోతది" అన్నది. అందరూ సరేనన్నారు.

బ్రష్షు పట్టుకున్నాను. మిగతా పదకొండుమందీ చుట్టూ నిలబడి నా చెయ్యి వైపే చూస్తున్నారు. 'బే' దగ్గరే చెయ్యి ఎగరటం మొదలుపెట్టింది. సిరిసిల్లాయన జాలిపడి, "నేను పట్టుకుంటనే అన్నా, నువ్వు రాయి" అని నా మణికట్టు పట్టుకున్నాడు. తీరా చూస్తే ఆయన చెయ్యి కూడా వణుకుతున్నది. రెండు వణుకులు కలిస్తే ఒకదాన్నొకటి ఆపుతాయనుకున్నాం. ఆపలేదు, రెండూ కలిసి చిందులేశాయి. 'స్తా' పోయి ఆయన చొక్కా మీద పడింది.

"నీకు గూడనా?" అన్నాను.

"మగ్గం మీద పోగు తెగితె ముడెయ్యరాకపోయింది అన్నా. సేటు పక్కకు కూసోమన్నడు. సార్‌కు చెప్తమంటె మా అన్ననే మాట్లాడుతడు" అన్నాడు. చాచా తన చేతులు చూపించాడు. సూదిలో దారం ఆయన భార్య ఎక్కిస్తున్నదట. అన్ని నెలలు పక్కపక్కనే కూర్చున్నాం, ఒకరి చేతులొకరం ఎన్నడూ చూసుకోలేదు. ఎవరి చేతులు వాళ్ళం కండువా కిందో కొంగు కిందో దాచుకునేవాళ్ళం. మా ఆవిడ బీడీ చుట్టటం ఆపి చూస్తున్నది.

కమిటీ ఆయన బ్యానర్ చూసి, "వారీ! అక్షరాలల్ల ఏం ఆవేశమే!" అన్నాడు.

పన్నెండు దాటేసరికి పొద్దున వేసుకున్న గోలీలు పని మొదలుపెట్టాయి. చల్లటి టెంటు, మెత్తటి జంపఖానా. ముందు అవ్వ ఒరిగింది, తర్వాత చాచా, ఆ తర్వాత వరుసగా అందరం. అంతలో పక్క మండలం నుంచి ఒక నాయకుడు సంఘీభావం చెప్పటానికి వచ్చాడు. నేను సగం మెలకువలో విన్నాను ఆ ప్రసంగం.

"సూడుండ్రి అన్నలారా! అక్కలారా! అన్నం ముట్టక, మాట్లాడే ఓపిక లేక ఎట్ల సొమ్మసిల్లిండ్రో సూడుండ్రి! ఇన్ని దినాలల్ల ఇసొంటి కఠోర దీక్ష నేను ఏడ చూడలె!"

మైకు చాచా తల దగ్గర ఉండటంతో చాచా గురక కూడా చౌరస్తా అంతా వినిపించింది. దాన్ని ఆయాసమనుకుని జనంలోంచి ఒకామె "అయ్యో, పానం పోతుందో ఏమో, అంబులెన్సును పిలువుండ్రి!" అని కేక పెట్టింది. కాంపౌండరు పరుగెత్తుకొచ్చి, "ఏంగాదు, ఏంగాదు, రోజు గింతే" అన్నాడు. రోజూ ఇంతే దీక్ష చేస్తారా అని జనం ఇంకా గట్టిగా జై కొట్టారు.

అవ్వ మాత్రం మధ్యాహ్నం లేచింది. ఆమెకు పగటి గోలీ ఒకటి ఉంది, అది తిన్నాకే వేసుకోవాలి. బ్యానర్ వెనక్కి పోయి సద్ది విప్పి జొన్నరొట్టె తింటుంటే కమిటీ ఆయన కంట పడింది.

"ఏందవ్వా! నిరాహార దీక్షల కూసోని రొట్టె తింటున్నవా!"

"ఆకలికి తింటలేను కొడుకా," అన్నది అవ్వ నింపాదిగా. "గోలీకి తిండి వెడుతున్న. ఉత్త కడుపున ఏస్తె అది నన్ను తింటది."

ఆయన అటూ ఇటూ చూశాడు. అవ్వకు అడ్డంగా నిలబడి, కండువా విప్పి చాటుగా పట్టుకున్నాడు. తర్వాత మేం ఒకరి తర్వాత ఒకరం బ్యానర్ వెనక్కి పోయి వచ్చాం. మర్నాడు పేపర్లో మా ఫోటో పడింది, కింద "దీక్షలో గురువారం భక్త మండలి" అని రాశారు. మొహాలు ఎవరివీ తెలియలేదు, అందరం పడుకునే ఉన్నాం కదా.

నాలుగు గంటలకు డాక్టరు వచ్చాడు. వంటావార్పువాళ్ళు ఆయన్ను కూడా రోడ్డు మీద కూర్చోబెట్టి అన్నం పెట్టినట్టున్నారు, తెల్లచొక్కా మీద పప్పుచారు మరక ఉంది. ఖాళీ మెట్లు చూసి కంగారుపడ్డాడు. కాంపౌండరు టెంటు చూపించాడు. ఆయన మమ్మల్ని పిలుచుకుపోవటానికి రోడ్డు దాటి రాగానే కమిటీ ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"సార్, దేవునోలె అచ్చిన్రు! నిమ్మరసం ఇచ్చేతందుకు పెద్దమనిషి దొరుకుతలేడు. మీ చేతుల మీదుగా దీక్ష విరమింపజెయ్యుండ్రి!"

ఆయన వద్దు వద్దంటుండగానే మెడలో దండ పడింది, చేతిలో జగ్గు పడింది. ఎదురుగా కెమెరా. ఇక తప్పించుకునే దారి లేదు. మేం వరుసగా స్టీలు గ్లాసులు పట్టుకుని కూర్చున్నాం.

మొదట చాచా. గ్లాసు నింపగానే రసం సగం ఒలికి పైజామా మీద పడింది. "సారీ, నేనే ఎక్కువ పోశాను" అన్నాడు డాక్టరు. తర్వాత అవ్వ. రెండు చేతులతో పట్టుకుని, గ్లాసును మోకాళ్ళ మధ్య ఇరికించుకున్నా ఒలికింది. తర్వాత సిరిసిల్లాయనకు సగమే పోశాడు. ఆ సగం కూడా గ్లాసులో నిలవలేదు, వేళ్ళ మీదుగా కారి జంపఖానా మీద బొట్టుబొట్టుగా పడింది. అప్పుడు డాక్టరు జగ్గు దించి వరుసంతా చూశాడు. వరుసంతా గ్లాసులు వణుకుతున్నాయి. ఆ గదిలో ఆయన బల్ల ఎత్తుగా ఉండేది, మా చేతులు బల్ల కింద ఉండేవి. మా ముందు మా పెళ్ళాలో అన్నలో కూర్చునేవాళ్ళు. ఆ మనిషి మా చేతులు నిజంగా చూడటం అదే మొదలు అనుకుంటాను. మైకులో "జై తెలంగాణ" అని అరుస్తూనే ఉన్నారు.

నా ముందుకు వచ్చి ఆయన రసం పొయ్యలేదు. పంట్లాము మాసిపోతుందని కూడా చూడకుండా జంపఖానా మీద కూర్చున్నాడు.

"ఎప్పటి నుంచి ఇలా ఉంది?" అన్నాడు.

ఎన్ని నెలలుగా ఆ ప్రశ్న కోసం ఎదురుచూశానో! బస్సులో, మెట్ల మీద, స్నానం చేస్తూ దానికి జవాబు ఎన్నిసార్లు బట్టీపట్టానో! తీరా అడిగాక నేనేం చేశాను? తల తిప్పి మా ఆవిడ వైపు చూశాను. ఆమె చెప్తుందని. అంతగా అలవాటైపోయింది నాకు.

మా ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కోపం కూడా వచ్చింది. "నన్నేం జూస్తవయ్యా? నీ చెయ్యి నా కాడున్నదా? సారు నిన్ను అడుగుతుండు. చెప్పు" అన్నది.

బట్టీపట్టినదంతా ఎగిరిపోయింది. "సార్, నేను అక్షరాలు రాసేటోన్ని" అన్నాను. అంతే, అంతమంది ముందు బోరున ఏడ్చాను. దీక్ష ఉద్వేగమనుకుని జనం చప్పట్లు కొట్టారు.

డాక్టరు చప్పట్లు ఆగేదాకా ఆగాడు. తర్వాత జేబులోంచి పెన్ను తీసి, నా చీటీ అక్కడే ఒడిలో పెట్టుకుని ఒక గోలీ సగానికి తగ్గించాడు, ఇంకొకటి మార్చి రాశాడు. వణుకు మొత్తం పోతుందని మాట ఇవ్వలేనన్నాడు. రెండు రాత్రులు నిద్ర పట్టకపోతే మాత్రం నెల దాకా ఆగకుండా రావాలన్నాడు.

మా ఆవిడ, "నేను తోల్కస్త సార్" అన్నది.

"మీరూ రండమ్మా," అని ఆయన మళ్ళీ నా వైపు తిరిగాడు. "కానీ ఎలా ఉందో మీరే చెప్పాలి."

ఆ మాట నాతో అన్నాడు.